మెస్ కామేశ్వరరావు గారి కారులో వాసన

2023 ఎండాకాలం నాటి మాట. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వైపు వచ్చే రోడ్డు పక్కన, ఒక ఇరుకు సందులో నా కారు ఏసీ షాపు ఉంది. లోపల ఒక కారు పడుతుంది, రెండోది వస్తే సందులోనే నిలబెట్టాలి. మాది నల్లగొండ వైపు పల్లె. ఇంటర్ మధ్యలో మానేసి పట్నం వచ్చి, ఒక ఉస్తాద్ దగ్గర ఈ పని నేర్చుకుని, తర్వాత సొంతంగా పెట్టుకున్నాను.

కారు ఏసీ పనంటే గ్యాస్ నింపడమే అనుకుంటారు చాలామంది. నా దగ్గరికి గ్యాస్ కోసం వచ్చేవాళ్లెందరో, వాసన కోసం వచ్చేవాళ్లూ అందరే ఉంటారు. డాష్‌బోర్డు వెనకాల ఇవాపరేటర్ అని ఒకటుంటుంది. మేం కూలింగ్ కాయిల్ అంటాం. గాలి దాని మీదుగా వచ్చి చల్లబడుతుంది. ఆ చల్లదనానికి కాయిల్‌కి చెమట పట్టినట్టు నీళ్లు పడతాయి. ఆ నీళ్లు డ్రెయిన్ పైపులోంచి కారు కిందికి కారిపోవాలి. పైపు మూసుకుపోయిందంటే నీళ్లు లోపలే నిలిచి, దుమ్ము తడిసి, బూజు పట్టి, ఏసీ వేయగానే ఉతకని సాక్సుల వాసన కొడుతుంది. కడిగితే పోతుంది. పెద్ద విద్యేమీ కాదు, ఓపిక కావాలంతే.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, ఒక పాత చిన్న కారు మా సందులోకి వచ్చింది. నడుపుతున్నది గన్‌ఫౌండ్రీలో భోజనాల మెస్ నడిపే కామేశ్వరరావు గారు. కారు వెనకే ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఆయన భార్య, సీతమ్మ గారు దిగారు. మొగుడు కారులో, పెళ్లాం వెనకాల ఆటోలో రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ కారెక్కడం నా వల్ల కాదు బాబూ" అన్నారామె, నేను అడక్కుండానే. "లోపలంతా ఒకటే కంపు. ఈయనకేమో ఏ వాసనా లేదుట. రోజూ ఆఫీసులకి క్యారేజీలు అందులోనే పంపుతున్నాం. తినేవాళ్లు ఏమనుకుంటారో అని నా భయం."

"ఆవిడకన్నీ ఎక్కువే" అన్నాడాయన నవ్వుతూ. "కాస్త చూసి, ఆవిడ తృప్తి కోసం కడిగెయ్యి మల్లేశూ."

వాళ్లది తణుకు వైపు. ఆయన తండ్రి కాలంలోనే ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. చుట్టుపక్కల బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి ఆ మెస్ తెలియకుండా ఉండదు. మూత తీయకుండా, వాసన చూసి పప్పులో ఉప్పు చాలిందో లేదో చెప్పేస్తాడని ఆయన గురించి అనుకునేవాళ్లు. నేనూ అక్కడ చాలాసార్లు తిన్నవాణ్ణే.

నేను కారు తలుపు తీశాను. ఈ పనిలో ముక్కు మొద్దుబారిపోతుందంటారు గానీ, ఆ రోజు నేను రెండడుగులు వెనక్కి వేశాను. అది బూజు వాసన కాదు, ఏదో చచ్చిన వాసన. ఆయన మాత్రం అద్దాలన్నీ మూసుకుని, హాయిగా ఏసీ వేసుకుని అందులో వచ్చాడు.

ముక్కుకి గుడ్డ కట్టుకుని గ్లవ్ బాక్స్ విప్పాను. దాని వెనక కేబిన్ ఫిల్టర్ ఉంటుంది. లోపలికొచ్చే గాలిని వడగట్టే కాగితపు పలక అది. మామూలుగా తెల్లగా ఉండాల్సింది నల్లగా మారింది, అంచులు కొరికేసి ఉన్నాయి. సంగతి అర్థమైంది. కింద గాలి తోసే ఫ్యాను, అంటే బ్లోయర్, స్క్రూలు తీసి కిందికి దించాను. దానితోపాటే ఒక గూడు ఊడిపడింది. విస్తరాకు ముక్కలు, చింపిన కాగితాలు, ఎండిన మెతుకులు, వాటి మధ్యలో ఎలుక. చచ్చి చాలా రోజులైంది.

పక్కనే సీటు కవర్లు కుట్టే అన్వర్ భాయ్ షట్టర్ సగం దించేశాడు. "ఏంది మల్లేశన్నా, గల్లీ మొత్తం గబ్బు లేపినవ్!" అని అరిచాడు. సీతమ్మ గారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని సందు చివరిదాకా వెళ్లిపోయారు.

కామేశ్వరరావు గారు మాత్రం నా పక్కనే గొంతుక్కూర్చుని, ఆ గూటి మీదికి వంగి చూశాడు. "ఎలకా? పాపం, ఎప్పుడు దూరిందో" అన్నాడు. మొహం దానికి జానెడు దూరంలో ఉంది. కనీసం ముక్కు కూడా చిట్లించలేదు.

"సార్, మీకు వాసనొస్తలేదా?" అన్నాను.

"వస్తోందయ్యా, కొద్దిగా. మీరంతా గోరంతలు కొండంతలు చేస్తున్నారు."

ఎలుకని కవర్లో కట్టి పారేసి, పనిలో పడ్డాను. కాయిల్ మీద జిడ్డు పేరుకుపోయి ఉంది. ఏళ్ల తరబడి సాంబారు, పులుసు క్యారేజీల ఆవిరి తాగిన కాయిల్ అది. దాని మీద నురగ మందు కొట్టి, నాననిచ్చి, నీళ్లతో కడిగాను. మూసుకుపోయిన డ్రెయిన్ పైపుని గాలి కొట్టి తెరిచాను. నల్లటి నీళ్లు బొటబొటా కారి, కొంతసేపటికి తేటపడ్డాయి. బ్లోయర్ డబ్బా తోమి, కొత్త ఫిల్టర్ పెట్టాను. తడి ఆరడానికి హీటర్ వేసి వదిలి, చివర్లో క్రిములు చావడానికి ఒక మందు కొట్టాను. నిమ్మకాయ వాసన ఘాటుగా ఉండే మందు అది.

"అమ్మా, ఇప్పుడు ఎక్కున్రి" అన్నాను. సీతమ్మ గారు భయం భయంగా వెనక సీట్లో కూర్చున్నారు. ఆమె మొహం విప్పారింది. "హమ్మయ్య! కారంతా నిమ్మకాయ వాసనే."

ఆయన ముందు సీట్లో కూర్చుని, గాలి వచ్చే చోట మొహం పెట్టి కళ్లు మూసుకున్నాడు. వంట చూసేటప్పుడు కూడా అలాగే కళ్లు మూసుకుంటాడు కాబోలు అనుకున్నాను. కాసేపటికి కళ్లు తెరిచాడు.

"ఏ నిమ్మకాయ? చల్లగాలి వస్తోంది, అంతే కదా."

సీతమ్మ గారు నవ్వబోయి ఆగిపోయారు. ఆయన ఆమె వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత కాళ్ల దగ్గరున్న సంచీలోంచి ఒక పొట్లం తీసి విప్పాడు. అది నా దాకా రాకముందే నాకు తెలిసిపోయింది.

"ఇది చూడు. ఇవాళ పొద్దున్నే బేగంబజార్‌లో కొన్నాను. వాసన ఉందా?"

"ఇంగువ సార్. గుప్పున కొడుతున్నది."

"నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఉందనడం లేదు కదా?"

"గట్లెందుకు చెప్త సార్? గీడి దాకా వస్తున్నది."

ఆయన చిటికెడు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత నాలుక మీద వేసుకున్నాడు. "చేదు తెలుస్తోంది" అన్నాడు మెల్లగా. "అదొక్కటే తెలుస్తోంది."

అప్పుడు ఆయన మొహంలో కనిపించింది ముక్కు పోయిందన్న బాధ కాదు. ఇంకేదో గుర్తొచ్చినవాడిలా భార్య వైపు తిరిగాడు. "అయితే సీతా... మరి శ్రీను?"

ఆమె కొంగుతో కళ్లొత్తుకున్నారు.

ఆ కథ నాకు వాళ్లిద్దరూ తడబడుతూ చెప్పారు. శ్రీను వాళ్ల ఊరివాడే. మీసాలు రాని వయసులో మెస్‌లో చేరి, ఆయన పక్కనే నిలబడి వంట నేర్చుకున్నాడు. పిల్లల్లేని వాళ్లకి ఇంట్లో మనిషి. కొంతకాలంగా కామేశ్వరరావు గారికి ఇంగువలో వాసన లేదనిపించడం మొదలైంది. ఆ తర్వాత నెయ్యిలో లేదు, కరివేపాకులో లేదు. సరుకంతా కల్తీ అయిపోయిందని కొట్లు మార్చాడు. చాలక ఇంకాస్త ఇంకాస్త ఇంగువ వేస్తూ పోయాడు. సాంబారు చేదెక్కింది. తినేవాళ్లు గొణిగారు, కొందరు రావడం మానేశారు. చివరికి ఒకరోజు భోజనాల మధ్యలో, అందరూ వింటుండగా, "మంచి సరుకు బయట అమ్ముకుని ఇక్కడ దొంగ సరుకు కలుపుతున్నావు" అని శ్రీనుని అన్నాడు. శ్రీను గరిటె కింద పెట్టి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

"ఇంగువ మంచిదేనని వాడు మొత్తుకున్నాడు కదండీ" అన్నారు సీతమ్మ గారు.

"నీకు వాసన వచ్చేదా?"

"వచ్చేది."

"మరి చెప్పలేదేం?"

"మీ ముక్కు ముందు నా ముక్కెంత అనుకున్నాను. మీరు లేదంటే లేదేమో, నాదే భ్రమేమో అనుకున్నాను."

ఆయన ఇంగువ పొట్లం మడిచి సంచీలో పెట్టేశాడు.

పని అయ్యాక కస్టమర్‌ని ఎక్కించుకుని ఒక చక్కరు కొట్టడం నా అలవాటు. రోడ్డు మీద ఏసీ ఎలా పనిచేస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఆయన తాళం నా చేతికిచ్చాడు. "మొజంజాహీ మార్కెట్ పక్క సందులోకి పోనీ. వాడు అక్కడ టిఫిన్ బండి పెట్టాడుట" అన్నాడు.

సాయంత్రం బండి దగ్గర బాగానే జనం ఉన్నారు. శ్రీను ముప్పై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు. వీళ్లని చూడగానే పెనం మీది దోసె తీసేసి ఎదురొచ్చాడు.

"రండి గురువుగారూ. అమ్మగారూ, బాగున్నారా? కూర్చోండి." అని తనే స్టూళ్లు వేశాడు. నాకూ కలిపి ఇడ్లీ సాంబారు పెట్టాడు. ఆయన తినలేదు.

"శ్రీనూ, నాకు వాసన పోయిందిరా. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. ఇవాళే బయటపడింది. ఇంగువ మంచిదే. నువ్వు మార్చలేదు."

"నేను మార్చలేదని నాకు తెలుసండి" అన్నాడు శ్రీను. కోపంగా అనలేదు.

"తప్పయిపోయింది. వచ్చెయ్యరా."

శ్రీను భుజం మీది తుండుతో చేతులు తుడుచుకున్నాడు. "గురువుగారూ, ముక్కు పోవడం మీ తప్పు కాదండి. ఎవరికైనా వస్తుంది. కొట్టువాళ్లని అనుమానించారు, బానే ఉంది, వాళ్లు వ్యాపారస్తులు. నన్నెలా అనుమానించారండి? ముక్కుతో చూశారా నన్ను ఇన్నాళ్లూ?"

సీతమ్మ గారు శ్రీను చెయ్యి పట్టుకున్నారు. చెయ్యి విడిపించుకోకుండానే, "ఇడ్లీ చల్లారిపోతోందమ్మా, తినండి" అన్నాడతను. వాళ్లు తిన్నారు. మళ్లీ రమ్మని ఆయన అడగలేదు, వస్తానని అతను అనలేదు.

తిరుగు ప్రయాణమయ్యాం. అబిడ్స్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయన నన్నడిగాడు. "మల్లేశూ, వాడి సాంబారు వాసన ఎలా ఉందయ్యా?"

"పాత దినాల్ల మీ మెస్‌ల ఉన్నట్టే ఉన్నది సార్."

ఆయన అద్దం వైపు తిరిగిపోయాడు. నేను సిగ్నల్ వంక చూస్తూ కూర్చున్నాను. వేరే మాటేదైనా చెప్పాల్సిందేమో అనిపించింది గానీ, అడిగినది వంట గురించి. అందులో ఆయనకి అబద్ధం చెప్పడం ఇంకా అన్యాయమనిపించింది.

తర్వాత జరిగింది సీతమ్మ గారు చెప్పగా విన్నాను. మర్నాడు మెస్ నిండుగా ఉన్నప్పుడు కామేశ్వరరావు గారు బల్లల మధ్య నిలబడి, "ఆ రోజు శ్రీనుని మీ అందరి ముందు దొంగన్నాను. వాడు దొంగ కాదు. నాకే వాసన తెలియడం లేదు" అని చెప్పారట. వంటవాడు తనకి వాసన తెలియదని తినేవాళ్లకి చెప్పుకోవడమంటే ఏమిటో ఆలోచించండి. ఆ మాట శ్రీను దాకా వెళ్లింది. ఒక ఆదివారం అతను మెస్‌కి వచ్చి, బల్ల మీద అందరితోపాటు కూర్చుని భోజనం చేసి, ఆయన కాళ్లకి దండం పెట్టి వెళ్లాడు. పనిలోకి మాత్రం రాలేదు.

ముక్కు డాక్టరు మందులిచ్చాడు గానీ పోయినది పెద్దగా తిరిగి రాలేదు. సీతమ్మ గారు పొయ్యి దగ్గర నిలబడి ఆయన తరఫున వాసన చూసేవారు. అలా కొన్నాళ్లు నడిపి, ఇద్దరికీ ఓపిక చాలక మెస్ మూసేశారు. ఇప్పుడక్కడ ఫోన్ల షాపు ఉంది.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక పద్ధతి మారింది. ఇదివరకు కారు నడిపేవాడు చెప్పిందే వినేవాణ్ణి. ఇప్పుడు ఆ కారులో ఇంకెవరెవరు ఎక్కుతారో కనుక్కుని, వాళ్లనీ అడుగుతాను. రోజూ అందులోనే కూర్చునేవాడికి లోపల కుళ్లుతున్నది తెలియకపోవచ్చు. తెలిసినవాళ్లు మర్యాదకో, భయానికో ఊరుకుని ఉండొచ్చు. కాయిల్‌కి పట్టిన మురికిని ఒక మధ్యాహ్నంలో కడిగేశాను. నా చేతిలో ఉన్నది అంతే. మిగతాదానికి నా దగ్గర మందు లేదు.

పోయిన ఎండాకాలం కామేశ్వరరావు గారు కారు సర్వీసుకి తెచ్చారు. సీతమ్మ గారు పక్క సీట్లోనే కూర్చుని వచ్చారు. పని అయ్యాక ఎక్కి చూడమంటే, ఆయన పక్కకి జరిగి, "నువ్వు చూడు సీతా" అన్నారు. ఆమె కూర్చుని, తొందరపడకుండా గాలి పీల్చి, "బాగుందండీ" అన్నారు.

"బాగుందంటే బాగున్నట్టే" అన్నారాయన. తాళం తిప్పబోయి ఆగి, నా వైపు చూడకుండానే, "శ్రీను ఉన్నప్పుడే ఈ ముక్క ఈవిడని అడిగుంటే సరిపోయేదయ్యా" అన్నారు.