రోమ్ పాత్ర మీద వరినారు

2023 ఎండాకాలం. బాన్సువాడలో నాది రాతిపని దుకాణం. గడపలు, తులసికోటలు, సమాధి ఫలకాలు చేస్తాను. రోడ్డుకు అటువైపు మా అక్క మొగుడు నర్సింలు బావ దుకాణం, అదీ రాతిపనిదే. పనితనం చూపించే గిరాకీ ఏదొచ్చినా ముందు అటే నడుస్తుంది. చూస్తుంటే నాకు కడుపు రగిలిపోయేది.

ఒకరోజు బీర్కూర్ నుంచి వెంకట్రావు గారనే రైతు వచ్చారు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడ్డ కుటుంబం. ఫోన్‌లో ఫోటో చూపించారు. రోమ్‌లో ఏనాడో చెక్కిన పాలరాతి పాత్ర. చుట్టూ అకాంథస్ ఆకులు, అంటే అంచులు చీలికలుగా ఉండే ముళ్లమొక్క ఆకులు. అక్కడి స్తంభాల తలల మీద కూడా ఇవే చెక్కేవారట. కొత్త ఇంటి ముందు అలాంటి పాత్ర పెట్టుకోవాలని ఆయన కోరిక. ఫోటో ఇద్దరికీ పంపి, చెరో చిన్న పలక మీద శాంపిల్ చేయమన్నారు. ఎవరిది బాగుంటే పని వాళ్లకు.

"ఆకు ముఖ్యమయ్యా. ఇప్పుడే తీసిన ఆకులా ఉండాలి," అన్నారు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కోస్తా రైతులు వరినారును ఆకు అంటారు, నారు పీకడాన్ని ఆకు తీయడం అంటారు. ఈ సంగతి బావకు తెలియదు. పాత్ర రోమ్‌దే అయినా దాని మీద ఆయనకు తన పొలం ఆకు కావాలన్నమాట! ఈసారి బావ పని అయిపోయిందనుకుని పలక నిండా నారు చెక్కాను, వేళ్లతో సహా.

వెంకట్రావు గారు పలకను అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇదేంటయ్యా? నేనడిగింది ఫోటోలో ఆకు. ఊడ్పుల ఆకు కాదు!"

తన పలకతో పక్కనే ఉన్న బావ పగలబడి నవ్వాడు. "గిదేంది బామ్మర్దీ, రోమోళ్ల గిన్నెల నాట్లేస్తున్నవా?"

పని బావకే పోయింది. పాత్ర పూర్తయ్యాక, బావ భోజనానికి లేచిన సమయం చూసి అటు వెళ్లాను. ఒక్క తప్పయినా దొరక్కపోతుందా అని ఆశ. వంగి, కూర్చుని, వేలు పెట్టి వెతికాను. ప్రతి చీలిక మొదట్లో చిన్న డ్రిల్ రంధ్రం ఉంది. ముందు రంధ్రం వేసి తర్వాత ఉలి పెడితే పగులు అక్కడే ఆగిపోతుంది. ఆకు కింద రాయిని తోడేశాడు. దాన్ని మేం అండర్‌కట్ అంటాం. కింద నీడ పడి ఆకు పైకి లేచినట్టు కనిపిస్తోంది. నా ఫోన్‌లో ఫోటో తెరిచి చూశాను. రోమ్ శిల్పి కూడా అచ్చం అలాగే చేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"గంతసేపు ఏం చూస్తున్నవ్‌రా?" అక్క వెనకే నిలబడి ఉంది.

"ఏం లేదక్కా, దుమ్ము పడ్డది," అని తుడిచాను.

తప్పు వెతకడానికి వెళ్లి పని నేర్చుకుని వచ్చాను. మెచ్చుకోవడానికి వెళ్లి ఉంటే బాగుందని చెప్పి వచ్చేసేవాణ్ణి. కుళ్లుతో వెళ్లాను కాబట్టి అంగుళం వదల్లేదు. ఇప్పుడు నా ఆకులకూ గిరాకీ ఉంది. ఎక్కడ నేర్చావని ఎవరైనా అడిగితే రోమ్‌లో అంటాను. బావ పేరు మాత్రం నోట రాదు.