బాపు బాయికి తెల్లరంగు

ఇంటర్‌తో కాలేజీ మానేసిన నాకు మిగతా చదువంతా గోదావరిఖని లైబ్రరీలోనే అయ్యింది. బొమ్మలు వేయడం కూడా అక్కడి పుస్తకంలోంచే నేర్చుకున్నాను. కాగితం, గుడ్డ, ఇసుక, ఏది దొరికితే అది చెక్కకు అతికించి దాని మీద రంగులు వేసే పద్ధతి నాకు మరీ నచ్చింది.

మేం బాపు అని పిలిచే నాన్న రిటైర్మెంటుకు ఇంకా నాలుగు రోజులున్నాయనగా అలాంటి బొమ్మే ఒకటి మొదలుపెట్టాను. మా దగ్గర చివరి డ్యూటీ నాడు తోటి పనివాళ్లు దండలేసి, డప్పులతో ఇంటిదాకా తెచ్చి దిగబెడతారు. ఆ రోజు వాళ్లందరూ చూసేలా ముందు గదిలో బాపు పనిచేసిన బాయి బొమ్మ ఉండాలని నా ఆశ. బాయి అంటే మాకు బొగ్గు గని. నేనైతే ఎన్నడూ లోపలికి దిగలేదు.

ప్లైవుడ్ ముక్కకు జిగురు పూసి, ఇసుక చల్లి, నలిపిన పేపరు, బాపు పాత డ్యూటీ ప్యాంటు పీలికలు అతికించాను. ఎగుడుదిగుడుగా అచ్చం గని గోడలా తేలింది. దాని మీద నల్లరంగు దట్టంగా పట్టించి, మధ్యలో టోపీ లైటు వెలుగు ఒకటి పెట్టాను. నన్ను నేనే మెచ్చుకుంటుండగా బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చాడు.

"ఏందే గిది? రోడ్డుకు డాంబరు పోసినట్టున్నది."

"బాయి, బాపూ. నువ్వు పనిచేసే జాగ."

"గింత నల్లగ ఏడుంటదే?"

"బొగ్గు నల్లగ గాక పచ్చగుంటదా?"

"బొగ్గు నల్లగనే ఉంటది. గోడలు తెల్లగుంటయి. మంట లేస్తె బొగ్గు దుమ్ము అంటుకొని పాకకుండ రాతిపొడి కొడ్తం గద."

"పుస్తకంల గట్ల లేదు."

"నీ పుస్తకం ఎన్నడన్న బాయిల దిగిందా? గిది గోడకు పెట్టకు బిడ్డా, మావోళ్లు నవ్వుతరు."

వంటింట్లోంచి అవ్వ, అంటే మా అమ్మ, అందుకుంది: "లోపల తెల్లగుంటదని గిన్నేండ్లల్ల నాకు సుత చెప్పలే గీ మనిషి. బట్టలు మాత్రం నల్లగ తెచ్చి నా ముందటేసిండు."

తెల్లదే కదా అని మర్నాడు తెల్లరంగు నీళ్లతో కలిపి పూశాను. అది సందుల్లోకి జారి, బాయి కాస్తా సున్నం వేసిన వంటిల్లయ్యింది. తడి ఆరకముందే గుడ్డతో తుడిచేసి లైబ్రరీకి పరుగెత్తాను. తెలిసిందేలే అని నేను తిప్పేసిన పేజీల్లోనే ఉంది పొడి బ్రష్షు పని. రంగులో నీళ్లు కలపకూడదు. బ్రష్షును కొంచెం అద్ది, ఇంకేమీ మిగల్లేదనిపించేదాకా గుడ్డకు తుడవాలి. తర్వాత పైపైన ఆనించి లాగాలి. ఎత్తుగా ఉన్నచోటే రంగు అంటుతుంది.

ఇంటికొచ్చి, ఈసారి బాపునే అడిగాను.

"పొడి ఏడ నిలుస్తది బాపూ?"

"అంచుల మీద. సందులల్ల నల్లగనే కనబడ్తది."

పుస్తకమూ బాపూ ఒకే మాట చెప్పారు! తలుపులకు రంగేసి బిరుసెక్కిన పాత బ్రష్షు తీశాను. చెక్క మీద అది చీపురులా గరగరలాడింది. ప్యాంటు పీలికల నేత, ఇసుక గరుకు, పేపరు మడతలు ఒక్కొక్కటే తెల్లగా పైకి లేచాయి. ఎక్కువైన చోట నల్లరంగు అలాగే పొడిగా అద్దాను. సాయంత్రం బాపు ముందు నిలబడి చూసి, కాస్త వెనక్కి జరిగి చూసి, "సుత్తె ఏడున్నది?" అన్నాడు. మేకు తనే కొట్టాడు.

చివరి రోజు డప్పుల మోతతో ఇల్లు నిండిపోయింది. బాపుతో ఒకే షిఫ్టులో పనిచేసిన, నేను కాకా అని పిలిచే ఒకాయన చాయ్ గ్లాసుతో బొమ్మ ముందు ఆగాడు.

"ఏందన్నా, గీడ పొడి ఎవలు కొట్టిండ్రే? మనకన్న మంచిగ కొట్టిండ్రు!"

బాపు మెడలో దండలు సర్దుకున్నాడు.

"మా బిడ్డ. పుస్తకం చూసి కొట్టింది."