కింది వీధికి నీళ్లు వదిలిన రోజులు

మా ఊరు జమ్మలమడుగుకు, ప్రొద్దుటూరుకు మధ్య, రోడ్డు దిగి కొంత దూరం లోపలికి పోతే వస్తుంది. అక్కడ మంచినీళ్ల మోటారు వేసే పని చాలా ఏళ్లు నాది. వంక పక్కన బోరు, ఊరికి ఎగువన ట్యాంకు, ట్యాంకు కింద రెండు వాల్వులు. ఒకటి తిప్పితే పై వీధికి, ఇంకోటి తిప్పితే కింది వీధికి నీళ్లు పోయేవి.

మాది పై వీధి. గొర్రెలు మేపుకునే ఇల్లు. ఆ వీధి పెద్దాయన పొలాల్లో ఎరువు కోసం మా నాయన మంద కట్టేవాడు. ఆయన మాట మీదనే పంచాయతీలో నాకు ఈ పని దొరికింది. మా అక్కను ఊళ్లోనే, కింది వీధికి ఇచ్చారు. బావ ఆ వీధి పెద్దాయన దగ్గర ట్రాక్టరు తోలేవాడు. పెద్దాయనలిద్దరూ దాయాదులు. ఒకరు ఒక పార్టీలో ఉంటే రెండో ఆయన దానికి ఎదురు పార్టీలో ఉండేవాడు. అయినా చాలాకాలం వాళ్ల గొడవ వాళ్లదే, మా సంసారాలు మావే. కింది వీధిలో కొళాయి చెడిపోతే పానా పట్టుకుని పోయేవాణ్ని. పని అయ్యేసరికి అక్క సంగటి కెలికి, చెనిక్కాయ పచ్చడి నూరి ఉంచేది.

ఒక సర్పంచ్ ఎన్నిక తర్వాత పై వీధి మనిషిని బస్సు దిగే చోట నరికి చంపారు. ఆయన భార్యా మా అక్కా చిన్నప్పటి నుంచి జత. ఆ రోజు నుంచి రెండు వీధుల మధ్య మాట, నడక రెండూ ఆగిపోయాయి.

మరుసటి వారం పై వీధి వాళ్లు కొందరు ట్యాంకు దగ్గరికి వచ్చారు.

"కింది వీధికి వాల్వు తిప్పగాకు," అన్నారు.

"ఆడ పిల్లోళ్లుండారప్పా. నీళ్లు ఆపే పని నాతో కాదు. వేరే మనిషిని పెట్టుకోండి," అన్నాను.

వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. చివరికి పెద్ద వయసాయన ఒకాయన, "నీళ్లు వదులుకో. ఆ వీధిలో కాలు మాత్రం పెట్టగాకు. నీ మంచికే చెప్తాండా," అన్నాడు.

అట్లా అక్క ఇంటికి పోవడం ఆగింది. బ్లీచింగ్ కలపడానికి ట్యాంకు ఎక్కినప్పుడు మాత్రం ఆమె ఇంటి ముందరి కొళాయి కనిపించేది. దానికి వాషర్ పోయి నీళ్లు కారుతుంటే పాత చీర పేలిక చుట్టి కట్టుకుంది. వేయడానికి వాషర్ నా జేబులోనే ఉంది, పోవడానికి లేదు. నేను పైన నిలబడితే ఆమె బిందె కింద పెట్టి చెయ్యెత్తేది. నేనూ ఎత్తేవాణ్ని. మా పలకరింపు అంతే.

కొన్ని నెలలకు, బావ చేను దున్నుతుండగా ట్రాక్టరు మీద బాంబులేశారు. ఆయన ఎవరి జోలికీ పోయినవాడు కాదు. ఆ వీధి ట్రాక్టరు తోలడమే ఆయన తప్పయింది. కబురు తెలియగానే కింది వీధికి పరుగెత్తాను. ఎవరూ నన్ను ఆపలేదు. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "వచ్చినావా అబ్బీ," అని మాత్రం అంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

ఆ తర్వాత కింది వీధి ఇల్లిల్లూ ఖాళీ అయింది. కొందరు చాపాడు పోయారు, కొందరు ప్రొద్దుటూరు. అక్క పోయే రోజు పొద్దున్నే ట్యాంకు దగ్గరికి వచ్చింది.

"పోతాండా అబ్బీ. ప్రొద్దుటూరులో ఇల్లు చూసినారు. ఆడ ఏ వీధి అని ఎవరూ అడగరంట."

"ఆడ నీళ్లెట్లక్కా?" అన్నాను.

"నీకెప్పుడూ నీళ్ల గోలే," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ఎక్కడికీ పోలేని ఒక ముసలామె ఆ వీధిలో మిగిలింది. ఆమె ఒక్కదాని కోసం రోజూ కింది వాల్వు తిప్పేవాణ్ని. ఆమె కూడా చనిపోయాక తిప్పడం మానేశాను. తర్వాత ఎవరో పైపులు తవ్వుకుపోయారు.

ప్రొద్దుటూరులో అక్కది ఒక్క గది. చెనిక్కాయల మిల్లులో పనికి పోయేది. నేను పోయినప్పుడల్లా ట్యాంకరు దగ్గర ప్లాస్టిక్ బిందెలతో వరసలో కనిపించేది. బిందె అందుకోబోతే ఇచ్చేది కాదు. "నువ్వు ఊరికి పోతావు, రేపు నేనే కదా మొయ్యాల," అనేది.

కొన్నేళ్లకు పెద్దాయనలిద్దరూ ఒకే పార్టీలో చేరారు. ఒకే వేదిక మీద దండలు వేయించుకున్నారు. "ఇంగ మీ అక్కను రమ్మను," అన్నారు ఊళ్లో. సంతోషంగా పోయి చెప్పాను.

"వాళ్లిద్దరూ కలిసినారు, మంచిదే. నా మొగుడు యాడుండాడు అబ్బీ?" అంది అక్క.

ఇంక నేను మళ్లీ అడగలేదు.

అక్క అక్కడే జ్వరంతో పోయింది. బావ సమాధి పక్కన పెట్టమని ముందే చెప్పింది గనక ఊరికి తెచ్చాం. పైకప్పు కూలిన ఆమె ఇంటి ముందు దింపాం. స్నానం చేయించడానికి ఆ వీధిలో నీటి చుక్క లేదు. తేవడానికి నేను లేచేసరికి పై వీధి ఆడవాళ్లు బిందెలతో దిగి వస్తున్నారు. బస్సు దిగే చోట భర్తను పోగొట్టుకున్న ఆమె అందరికంటే ముందుంది. బిందె దించి అక్క ముఖం వైపు చూస్తూ నిలబడింది.

"నేను పోస్తా. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బాయిలో చేదుకున్నోళ్లం," అంది.

నేను పక్కకు జరిగాను. ఆమె బిందె ఎత్తి పోయడం మొదలుపెట్టింది.

కర్మ అయిపోయాక పంచాయతీకి పోయి, కింది వీధికి మళ్లీ పైపులు వేయమని అడిగాను. కొత్త సర్పంచ్ కుర్రవాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నేను చెప్పిందంతా మర్యాదగా విన్నాడు.

"వేద్దాం మామా. కానీ ఆడ ఎవరుండారు?" అన్నాడు.

అతను అడిగిందాంట్లో తప్పు లేదు. లేచి ఇంటికి వచ్చాను.