ఎర్ర రిబ్బను కట్టిన కలివి పొద

ఇది మహాకావ్యం. ఇందులో సముద్రం ఉంది, కొండ ఉంది, ఒక యోధుడున్నాడు. సరే, ఒప్పుకుంటాను: యోధుడు పరిశోధక విద్యార్థి, యుద్ధం కలివి ముళ్ళతో.

యారాడ కొండ మీది కలివి పొదల, అంటే వాక్కాయ జాతి ముళ్ళపొదల, ఆకులూ కాయలూ కోసుకొచ్చి, ఏ పొదలో మందు గుణం ఎంతుంది, జన్యువుల్లో తేడా ఎంతుంది అని చూడటం నా పని. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. కింద పల్లెలో చేపలు ఎండబెట్టే మామ్మ ఒకావిడ నన్ను రోజూ పలకరించేది.

"ఏటి బాబూ, మళ్ళీ ఆకులు కోత్తన్నావా? మా మేకే నయం, కడుపు నిండితే ఆగుద్ది."

ఆవిడ భర్తకు షుగరు. కాలి పుండు మానడం లేదు. ఆసుపత్రి మందులతో పాటు కలివాకు నూరి కట్టేది. "మలుపు కాడ పొదుంది సూడు, దానాకే పనిసేత్తాది. మిగతాయన్నీ ఒట్టి ముళ్ళు."

నవ్వాను. ల్యాబులో ఆ పొద మందు గుణంలో మిగతావాటిని బాగా వెనక్కి నెట్టేసరికి నవ్వు ఆపి, దానికి ఎర్ర రిబ్బను కట్టాను. మిగతావాటికి నంబరు కొట్టిన రేకు ముక్కలే. గొప్పదానికి సన్మానం.

తర్వాతి వారం దారి వెడల్పు చేసేవాళ్ళు వచ్చారు. వాళ్ళకు ఎర్ర గుర్తంటే పీకేయమని. రేకు ముక్కల పొదలన్నీ క్షేమం.

మామ్మ ఏడవలేదు. "నువ్వు కట్టకపోతే ఆల్లకి తెలీదు కదా బాబూ," అంది, అంతే. తిట్టినా బాగుండేది, తిట్లకు నా దగ్గర జవాబులుంటాయి.

ల్యాబులో మిగిలిన కాస్త ఆకు పొడి మెథనాల్‌లో నానుతోంది. మెథనాల్ విషం, పుండు మీద వేసేది కాదు. ఆ పొద నుంచి ముందే కోసిన కాయల గింజలు కుండీల్లో వేస్తే మొలిచాయి. తల్లి గుణం ఏ పిల్లకొచ్చిందో ఆకు పరీక్షిస్తే గానీ తెలియదు. అంత ఆకు రావాలంటే ఏడాది.

ఆర్నెల్లకే మామ్మ భర్తకు మోకాలి కింద కాలు తీసేశారు. ఆ ఆకు ఉంటే ఆగేదా? ఉన్న సమాచారంతో చెప్పలేం. థీసిస్‌లో బాగుండే వాక్యం. ఆవిడ గుమ్మానికి పట్టుకెళ్ళే వాక్యం కాదు.

ఒక మొక్క పట్టుకెళ్ళాను. మంచం మీంచి ముసలాయన చూసి, "ఇదేటే, కాలు పోయాక సెప్పులట్టుకొచ్చాడు?" అన్నాడు.

మామ్మ కుండీ అందుకుంది. "నీల్లెన్నిసార్లు పొయ్యాల బాబూ?"

వారానికి రెండుసార్లు.