నాచు కషాయం మీద డాక్టరేటు

లాస్‌పేట వైరస్ లాబొరేటరీకి పెద్దగా కూర్చున్న యానాం రామభద్రరావుగారికి తట్టు వైరస్ అంటే భయం లేదు గానీ, రాహుకాలమంటే వణుకు. ఆయన కింద నాలుగేళ్లుగా పరిశోధన చేస్తున్న నెల్లితోపు నాగకుమారికి ఆయన పేరెత్తితే ఒళ్లుమంట. కానీ ఆమె డాక్టరేటు ఆయన చేతిలో ఉంది. ఏం చేస్తుంది పాపం, ఆయన ముందు తలూపేది.

వైరస్ కణంలోకి దూరాలంటే ముందు దాని పైపొరకు అంటుకోవాలి. ఆ అంటుకోవడాన్నే ఆపేస్తుందంటూ వైతికుప్పం ఒడ్డున ఏరించిన సముద్రపు నాచుతో రావుగారు కషాయం కాచారు. గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద వైరస్ పోస్తే, అది దూరిన చోటల్లా కొన్నాళ్లకు చిల్లులు పడతాయి. కషాయం కలిపిన పళ్లెంలో ఒక్క చిల్లూ లేదు. ఇక అయ్యగారు నేల మీద నడిస్తేనా!

ఆయన ప్రయోగం ఎప్పుడూ శుక్రవారమే. వైరస్ బుడ్డిని ఐసులోంచి తీసి, ముందు మందు లేని పళ్లెంలో పోసేవారు. అంతలో రాహుకాలం వచ్చేది. శుభమైన మందును ఆ వేళ ముట్టకూడదు గనక తన గదిలో కళ్లు మూసుకుని కూర్చునేవారు. బుడ్డి కిటికీ పక్కన ఎండలో ఉడికేది. రాహుకాలం దాటాకే అందులోని వైరస్‌ను కషాయం కలిపిన పళ్లెంలో పోసేవారు.

"మళ్లీ ఐసులో పెట్టేదా సార్?" అని నాగకుమారి ఒకసారి అడిగింది.

"బయల్దేరినదాన్ని వెనక్కి తిప్పకూడదమ్మా," అన్నారాయన.

1984 వేసవిలో ఆమెకు అనుమానం వచ్చింది. ఎండలో మిగిలిపోయిన వైరస్‌ను, కషాయం బదులు ఉత్త ఉప్పునీళ్లు కలిపి ఇంకో పళ్లెంలో పోసింది. దాంట్లోనూ చిల్లు లేదు. ఎండకు చచ్చిన వైరస్ ఏ కణంలోకి దూరుతుంది, దాని మొహం!

ఇంటికెళ్లి తల్లి సత్యవతికి చెప్పి పగలబడి నవ్వింది. "చచ్చినదాన్నే మళ్లీ చంపినానని ఊరంతా చెప్పుకుంటా ఉండాడమ్మా ఆ మనిషి."

"సరేలే, మరి నీ పట్టా సంగతేంది?" అంది సత్యవతి.

నాగకుమారి నవ్వు ఆగిపోయింది. ఆమె థీసిస్ నిండా ఆ కషాయమే.

థీసిస్ పరీక్షించడానికి మద్రాసు నుంచి వచ్చిన అనంతరామన్, ప్రయోగం తన కళ్లెదుట చేయాలన్నాడు. ఆ రోజు రావుగారు జ్వరమని రాలేదు. బుధవారం, పొద్దున తొమ్మిది. రాహుకాలానికి ఇంకా చాలా టైముంది. బుడ్డిని ఐసులో ఉంచి చేస్తే కషాయం గుట్టు రట్టవుతుంది, నాలుగేళ్ల చాకిరీ గంగపాలవుతుంది. ఆ సంగతి ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు.

నాగకుమారి మందు లేని పళ్లెంలో వైరస్ పోసింది. బుడ్డిని తీసుకెళ్లి కిటికీ పక్కన ఎండలో పెట్టింది. కాస్త నీడ పడుతుంటే ఇంకొంచెం ముందుకు జరిపింది.

"రాండి సార్, టిఫిన్ తిని వద్దాము," అని అనంతరామన్‌ను తమిళంలో మర్యాదగా పిలిచింది.