ఆయన అడిగిన ఒక్క మాట

మా ఆయనతో విడిపోయి కేతేపల్లిలోని పుట్టింటికి వచ్చాక, నల్గొండ కోర్టులో మమ్మల్ని రాజీకి కూర్చోబెట్టారు. పోచంపల్లిలో ఆయన మగ్గం నేస్తే, రంగులద్దిన నూలును నేను కండెలకు చుట్టేదాన్ని. డిజైను కుదరాలంటే ఆ కండెలను వరుస తప్పకుండా వాడాలి.

మధ్యవర్తి మేడం మా బాపును బయటికి పంపి, "మీరిద్దరే జర మాట్లాడుకోండ్రి" అని తలుపు దగ్గరికి వేసి వెళ్లింది. ఇంటికి రమ్మనకపోయినా, నా దగ్గరున్న మా పాప ఎట్లుందనైనా అడుగుతాడనుకున్నాను. చివరికి ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు చుట్టిన కండెలన్నీ కలిసిపోయినయ్. మొదటిదేదో తెలుస్తలేదు. చీర సగంల ఆగింది."

కోపం రావాల్సింది. నోరు మాత్రం దానంతటదే చెప్పేసింది.

"ముడులు చూడు. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు. గట్లనే అన్నిటికీ ఏసిన."

అప్పుడే మేడం తలుపు తీసింది. మేం మాట్లాడుకోవడం చూసి, నవ్వుతూ బాపును పిలిచింది. బాపు ముఖం వెలిగిపోయింది.

"బిడ్డా, ఇంటికి తోలుకపోతా అన్నడా?"

మా ఆయనే లేచాడు.

"లేదు మామా. నాకు విడాకులే గావాలె. గా కండెల ముచ్చటే అడిగిన."

బాపు తలుపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఆ పూటే సంతకాలయ్యాయి.

ఇప్పటికీ దుకాణంలో పోచంపల్లి చీర కనిపిస్తే తల తిప్పుకుంటాను. ఆ చీర మాత్రం పువ్వు చెదరకుండా పూర్తయ్యే ఉంటుంది.