ఓబులేసు బావ చెప్పిన ఆఖరి అంకె

జరిగింది జరిగిన వరుసలో రాస్తున్నాను.

1. నిన్న ఉదయం 6.10కి ఎర్రగుంట్ల నుంచి అక్క ఫోన్. "మీ బావ ఎంత పిలిచినా లేస్తాలేడురా" అన్నది.

2. "ఇంకొకసారి పిలువక్కా" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

3. 7.45కి అక్కావాళ్ల ఇల్లు చేరాను. అప్పటికే వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి.

నాలుగోది రాయలేకపోతున్నాను.

సిమెంటు లారీ డ్రైవరు, మా అక్క భర్త, ఓబులేసు బావ ఇక లేడు.

నేను కడపలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో రికార్డులు రాస్తాను. వికారంతో వచ్చినవారిని ఇంజెక్షన్‌కు ముందొకసారి, అరగంట తరువాత ఒకసారి అడగాలి: సున్నా నుంచి పది వరకు, ఎంత? ఆ తేడాను బట్టి ఎంత తగ్గిందో డాక్టర్లు చూసుకుంటారు.

మొదట్లో ఎవరూ అంకె చెప్పేవారు కాదు. "శానా తిప్పుతాండాది సామీ" అనేవారు. నా గడులు ఖాళీగా మిగిలేవి.

దారి చూపింది బావే.

"ఏమప్పా బామ్మర్దీ, కడుపుకు నెంబర్లుంటాయా? రాయచోటి ఘాట్‌లో బస్సెక్కినట్టు అడుగు. నిమ్మకాయ వాసన చూస్తే సరిపోతే రెండు. కిటికీ సీటు కావాలంటే అయిదు. బస్సాపు, దిగతా అని అరిస్తే పది."

మరుసటి రోజు నుంచి అందరూ చెప్పారు. ఒక అవ్వ అయితే "నేను దిగేసినా నాయనా, బస్సు పోయింది" అన్నది. పది వేసుకున్నాను.

మొన్న మధ్యాహ్నం ఆ బావే పేషెంటుగా వచ్చాడు. చెమటకు చొక్కా తడిసిపోయి ఉంది.

"ఎనిమిది" అన్నాడు.

ఈసీజీ తీశారు, అందులో ఏమీ కనబడలేదు. ఇంజెక్షన్ ఇచ్చారు. తగ్గకపోతే ఒక రోజు ఉంచుకుంటామని, తగ్గితే ఇంటికి వెళ్లి ఉదయం పరీక్షలకు రమ్మని డాక్టరు చెప్పారు.

అరగంట కాకముందే బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంత చెప్తే పంపిస్తారప్పా?"

"మూడు లోపుంటే" అన్నాను.

పేషెంటుకు చెప్పకూడని మాట అది. అడిగినదానికి కచ్చితంగా జవాబు చెప్పడం నా అలవాటు.

సరిగ్గా అరగంటకు మళ్లీ అడిగాను.

"నిమ్మకాయ చాల్లే. రెండు రాస్కో."

రాశాను. "బాగా తగ్గింది" అనే గడిలో టిక్కు పెట్టాను. సంతోషించాను కూడా.

బయట బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తీసుకున్నాము. రెండు ప్లేట్లు తినే మనిషి, తన ప్లేటును నా వైపు తోశాడు.

"నువ్వు తినప్పా, చిక్కిపోయినావు."

తిన్నాను. బావ తోసిన ప్లేటుకు నా కాగితంలో గడి లేదు.

నిజంగా రెండేనా? ఇంటికి పోవాలని అన్నాడా? నా కాగితం బాగుండాలని అన్నాడా? ఎనిమిదే అని ఉంటే బతికేవాడా? డాక్టరును అడిగాను. "చెప్పలేమండీ" అన్నారు.

ఈ ఉదయం అక్కకు అంతా చెప్పాను. "ఆయప్ప ఎప్పుడు నిజం చెప్పినాడురా? జరమొచ్చినా బాగుండా అనేటోడే" అన్నది. అది నన్ను ఓదార్చడమో, నిలదీయడమో నాకు అర్థం కాలేదు.

కాగితంలో ఆ రెండును కొట్టివేయలేదు. దాని పక్కన ఏ అంకె వేయాలో నాకు తెలియదు.

బావా, ఇక నిన్నెవరూ ఎంత అని అడగరు.
కిటికీ సీటు నీదే. చల్లగాలికి నెమ్మదిగా కూర్చో.

సాయంత్రం 4.40
గోపవరం వెంకట సుబ్బరాయుడు